అన్నయ్య గ్లాసు

మా ఆయన్ని అందరూ సిరప్ అనే పిలుస్తారు. దగ్గుమందు తయారుచేసే ఫ్యాక్టరీలో రుచులు కలిపే గదిలో ఆయన పని. చేదు మందుని పిల్లలు ఉమ్మేయకుండా మింగేలా చేయాలి, అదీ ఉద్యోగం. పొద్దస్తమానం చెంచాతో నాలుక మీద వేసుకోవడం, పుక్కిలించి ఉమ్మడం, మళ్ళీ వేసుకోవడం. నారింజ వాసన పిసరంత ఎక్కువైందని అక్కడ డ్రమ్ముకి డ్రమ్మే వెనక్కి పంపిస్తాడట. అదే నాలుకతో ఇంటికొచ్చి నా వంటని మాత్రం "బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. నా మీద జాలో, లేక అసలు పట్టించుకోడో, ఇన్నేళ్ళ కాపురంలోనూ నాకు అంతు చిక్కలేదు.

ఆయన తాగేది తక్కువ, కలిపేది ఎక్కువ. ఆదివారం భోజనాలయ్యాక మా ముందుగదిలో ముగ్గురు చేరేవాళ్ళు. మా ఆయన, మా అన్నయ్య, వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయన. వారానికొకరు తనకిష్టమైన సినిమా ఏదో చెప్పాలి. దానికి తగ్గ కాక్‌టెయిల్ మా ఆయన వంటగది తలుపేసుకుని కలిపి తెస్తాడు. ఏడిపించే సినిమా అయితే నాలుక చివర ఉప్పు తగలాలి, దొంగల సినిమా అయితే ముందు తియ్యగా ఉండి తర్వాత గొంతు పట్టుకోవాలి, ఇలా ఏవో ఆయన లెక్కలు. గ్లాసులు చేతికి రాగానే వాదన మొదలు. సినిమా ఎవరిదో వాళ్ళు గ్లాసు ఖాళీ అయ్యేదాకా దాన్ని కాపాడుకోవాలి, మిగతావాళ్ళు చీల్చి చెండాడాలి. ఓడినవాడు గ్లాసులు కడగాలి. గ్లాసులో ఏం కలిపావని మాత్రం ఎవరూ అడగకూడదు. అది మా ఆయన పెట్టిన నియమం. అడిగితే రుచి చచ్చిపోతుందట!

మా అన్నయ్య బస్సు డ్రైవరు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే, మొండితనం ఆ రెండింటికన్నా పెద్దది. తన వంతు వచ్చిన ప్రతిసారీ ఒకటే సినిమా చెప్పేవాడు. అందులో ఒక డ్రైవరు వరదలోంచి బస్సుని ఒడ్డుకి చేర్చి, జనమంతా దిగిపోయాక స్టీరింగ్ మీద తల వాల్చేస్తాడు. అక్కడితో సినిమా అయిపోతుంది. వాడు నిద్రపోయాడా, చచ్చిపోయాడా అన్నది వీళ్ళ తగువు.

"చచ్చాడు బావా, కళ్ళు తెరిచే ఉన్నాయి," అనేవాడు మా ఆయన.

"ఎప్పుడైనా స్టీరింగ్ పట్టుకున్న మొహమేనా నీది? చచ్చినవాడి తల ఎక్కడ పడుతుంది? హారన్ మీద! హారన్ మోగిందా? మోగలేదు. బతికున్నవాడికే హారన్ ఎక్కడుందో తెలుస్తుంది, తప్పించి పడుకుంటాడు," అని అన్నయ్య బల్ల గుద్దేవాడు.

కళ్ళజోళ్ళాయన ఇద్దరివైపూ తలూపి గ్లాసు ఖాళీ చేసేవాడు. ఆయన ఏ వాదనలోనూ ఓడలేదు, ఎందుకంటే ఏ వాదనలోనూ దిగలేదు.

అలా సాగుతుండగా అన్నయ్య కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళు వాచాయి. కాలేయం చాలావరకు పాడైందనీ, ఇక చుక్క ముట్టుకుంటే ప్రాణానికే ముప్పనీ డాక్టరు మొహం మీదే చెప్పాడు. బస్సు నడిపే పని తీసేసి డిపో గేటు దగ్గర వచ్చే పోయే బండ్లు చూసుకునే కుర్చీలో కూర్చోబెట్టారు. అన్నయ్యని బాగా కుంగదీసింది ఆ కుర్చీయే. మిగతా రోజులు ముట్టనని వదిన తల మీద చేయి పెట్టి ఒట్టేశాడు. ఆదివారం మాత్రం వదలనన్నాడు.

"వారమంతా గేటు దగ్గర దిష్టిబొమ్మలా కూర్చుంటున్నాను. ఆ ఒక్క పూటా మనిషిలా మాట్లాడుకోనీయండి. అది కూడా లాక్కుంటే ఇవాళే పోతాను," అన్నాడు.

అన్నంత పనీ చేసే రకమే.  వదిన మా ఆయన దగ్గరికొచ్చి ఏడ్చింది. "తమ్ముడూ, నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆయన తాగినట్టూ ఉండాలి, తాగకుండానూ ఉండాలి."

మా ఆయన చేశాడు. ఇదంతా నాకు చివర్లో తెలిసింది, మీకు ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు నుంచి అన్నయ్య గ్లాసులో ఒక్క చుక్క సారా కూడా లేదు. గొంతులో మంటకి అల్లం, మిరియాలు. రంగుకి మాడ్చిన పంచదార. నాలుక పట్టుకునే వగరుకి చిక్కటి టీ డికాక్షన్. చివరన మిగిలే చేదుకి ఎండబెట్టిన నారింజ తొక్క. వాసన సంగతి పక్కవాళ్ళ గ్లాసులు చూసుకునేవి. ఫ్యాక్టరీలో చేదుని తీపి చేసే చేత్తో ఇంట్లో ఉత్త నీళ్ళని విస్కీ చేశాడు. ఆయన జన్మలో అంత గొప్ప పని ఇంకోటి చేయలేదు. అది ఆయనకీ తెలుసు. అన్నయ్య మొదటి గుక్క మింగి "అబ్బ, దిగిందిరా" అని ఛాతీ రుద్దుకున్నప్పుడు మా ఆయన కళ్ళలో వెలుగు నేనూ చూశాను. దేనికో అర్థం కాలేదు, ఒళ్ళు మాత్రం మండింది.

మండదా మరి? చావుకి దగ్గరైన మా అన్నకి నా మొగుడే స్వయంగా కలిపి పోస్తుంటే! ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంట్లో యుద్ధమే. "మీకు కాక్‌టెయిల్ కావాలి, మా అన్న ప్రాణం అక్కర్లేదు," అని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ఆయన నీళ్ళు నమిలేవాడు. ఒకసారి అన్నయ్య చేతిలో గ్లాసు లాక్కెళ్ళి సింకులో పోసేశాను. అల్లం వాసన కొట్టే ఉండాలి, కోపంలో ముక్కు పనిచేయలేదు. మా ఆయన ఇంకో గ్లాసు కలిపి తెచ్చాడు. ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు, ఆ వారమూ మాట్లాడలేదు.

అన్నయ్యకి మాత్రం గ్లాసు సగమయ్యేసరికి ఎక్కేసేది. నాలుక మందగించేది, చెవులు ఎర్రబడేవి. ఎప్పుడో మొదట నడిపిన బస్సుని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఒకసారి బస్సు సినిమా గురించి ఎంత ధాటిగా వాదించాడంటే, మా ఆయన రెండు చేతులూ ఎత్తేసి వెళ్ళి గ్లాసులు కడిగాడు. "తాగితేనే నా బుర్ర పనిచేస్తుందోయ్," అని అన్నయ్య కాలు మీద కాలేసుకున్నాడు.

ఏడాది గడిచింది. అన్నయ్య కళ్ళు తేటపడ్డాయి, కాళ్ళ వాపు తీసింది. పరీక్షలు చేసి డాక్టరే ఆశ్చర్యపోయాడు, ఇలాగే ఉండమన్నాడు. వదిన నాకు స్వీట్లు తెచ్చి పెట్టింది. ఇంత తాగుతున్నా బాగుపడ్డాడంటే మా అన్నది ఎంత గట్టి ఒళ్ళో అని నేనూ మురిసిపోయాను.

అన్నయ్య కూడా అదే అనుకున్నాడు. అక్కడే కొంప మునిగింది.

ఆ ఆదివారం కళ్ళజోళ్ళాయన వంతు. ఏదో ప్రేమ సినిమా. గ్లాసులు పట్టుకుని అందరూ సర్దుకుంటుంటే అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్లంతా దొంగలు బావా. నెలకి నాలుగు ఆదివారాలు నువ్వు పోస్తే తాగాను. ఏమైంది? రాయిలా ఉన్నాను. ఆదివారం తాగితే ఏమీ కానివాడికి బుధవారం తాగితే ఏమవుతుంది? అందుకే బుధవారం మొదలుపెట్టాను. డిపోలో టైర్ల షెడ్డు వెనక మనవాళ్ళున్నారు. నిన్న శనివారం కూడా కానిచ్చాను."

మా ఆయన చేతిలో ట్రే ఒరిగింది. దాని మీదున్న తన గ్లాసు జారి కింద పడింది. ఆయన ముక్కలు ఏరుకుని వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి దాని ముందు నిలబడ్డాడు. నీళ్ళు పోతున్నాయి, చేతులు మాత్రం కడగడం లేదు. గాజు గుచ్చుకుందేమో అనుకున్నాను. "ఏవండీ, ఏమైంది?" అంటే "ఏం లేదు" అన్నాడు. అప్పుడే ఆ గదిలోకి నడిచి అందరి ముందూ నిజం చెప్పేసి ఉంటే ఇవాళ నేను ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

మర్నాడు వెళ్ళి, ఇక నిజం చెప్పేద్దామని మా ఆయన వదినతో అన్నాడట. ఆవిడ ఆయన చేతులు పట్టుకుంది. "చెప్పకు తమ్ముడూ. మోసం చేశామని తెలిస్తే పంతానికి సీసాలకు సీసాలు తాగుతారు. ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కరు. టైర్ల షెడ్డు వాళ్ళ కాళ్ళు పట్టుకుని నేను ఆపిస్తాను." మా ఆయన సరేనన్నాడు. ఆయనకీ చెప్పడం ఇష్టం లేదేమోనని నా అనుమానం. చెబితే తాను అంత గొప్పగా కలిపే ఆ గ్లాసు కూడా పోతుంది కదా. వచ్చే ఆదివారం చూద్దాం, ఆ పై ఆదివారం చూద్దాం అని నెట్టుకొచ్చాడు. ఈలోగా అన్నయ్య బుధవారం కాస్తా రోజూ అయింది.

డిపో గేటు దగ్గర, అదే కుర్చీలో, అన్నయ్య నెత్తురు కక్కుకున్నాడు.

ఆసుపత్రిలో మంచం మీద అన్నయ్య చిన్నగా అయిపోయాడు. అంత మనిషీ దుప్పటి కింద ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది. డాక్టరు రాగానే సంజాయిషీ మొదలుపెట్టాడు. "షెడ్డు వెనక దొరికేది కల్తీ సరుకండీ, అదే నా కొంప తీసింది. మా బావ పోసేది కాదు. ఏడాది తాగాను, నాకేమైనా అయిందా? మీరే బాగుందన్నారు కదా!" డాక్టరు మా ఆయన వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపుకి నా మొగుడు తలదించుకున్నాడు. మంచానికి అటు వదిన, ఇటు నేను. మా ఆయన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"బావా, నీకొకటి చెప్పాలి."

"సినిమా సంగతైతే చెప్పు. ఒంటి సంగతి వద్దు."

"నీ గ్లాసులో ఏమీ లేదు బావా. ఏడాది పైగా ఒక్క చుక్క కూడా పోయలేదు. అల్లం, మిరియాలు, టీ నీళ్ళు, మాడ్చిన పంచదార, నారింజ తొక్క. అంతే."

నా చెవుల్ని నమ్మలేకపోయాను. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య నవ్వాడు.

"పోవోయ్! నాకు ఎక్కేది కదా."

"ఎక్కలేదు. నువ్వే ఎక్కించుకున్నావు."

అన్నయ్య మోచేతి మీద లేవబోయాడు. "అయితే ఆ రోజు బస్సు సినిమా వాదన ఒళ్ళు తెలిసే గెలిచానా?"

"తెలిసే గెలిచావు బావా."

"చూశావా మరి," అన్నాడు అన్నయ్య నా వైపు తిరిగి. మొహం వెలిగింది. ఏడుస్తూనే నాకూ నవ్వొచ్చింది. అంతలో ఆ వెలుగు ఆరిపోయింది. ఏదో లెక్క కడుతున్నట్టు పెదాలు కదిపాడు.

"మిగతా రోజుల్లో నేను ముట్టుకోలేదు. ఆదివారాలు నువ్వు పోయలేదు. అంటే ఏడాది పాటు నేను మానేసే ఉన్నానా?"

మా ఆయన తలూపాడు.

"నా వల్ల కాదనేగా అంత పేచీ పెట్టాను? మానేశానని ఒక్కళ్ళూ చెప్పలేదేం? ఒక్క మాట చెప్పి ఉంటే..."

మిగతాది చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన పిలిచినా పలకలేదు. ఆ తర్వాత మందులకీ నీళ్ళకీ నోరు తెరిచాడు గాని మాతో మాటలకి తెరవలేదు. ఆ వారం దాటకుండానే పోయాడు. పోయినప్పుడు కళ్ళు మూసే ఉన్నాయి.

జరగాల్సినవి జరిగి ఇల్లు ఖాళీ అయ్యాక నేను మా ఆయన మీద పడ్డాను. "ఏడాది పాటు నాచేత తిట్టించుకున్నారు. నేను మీ పక్కలో పడుకునే మనిషిని, నాకెందుకు చెప్పలేదు?"

"నీ కడుపులో మాట దాగదు. బావకి చెప్పేస్తావని."

"చెప్పేదాన్నే! డాక్టరు బాగుందన్న రోజే వెళ్ళి చెప్పేసేదాన్ని. 'ఒరే అన్నయ్యా, నువ్వు మానేసి ఏడాదైందిరా' అని వీధిలో నిలబడి అరిచేదాన్ని. అప్పుడు బతికేవాడు కదండీ!"

 నా దగ్గర ఆయన్ని క్షమించే మాట ఇంతవరకు లేదు. తిట్టడం మానేశాను, అంతే. ప్రాణం కాపాడాలనే చేశాడు, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

ఆదివారాలు ఆగిపోయాయి. కళ్ళజోళ్ళాయన ఒకసారి వచ్చి, కాసేపు కూర్చుని, సినిమా మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. సీసాలన్నీ మా ఆయన ఎవరికో ఇచ్చేశాడు. ఫ్యాక్టరీలో ఇప్పుడు రుచుల గదిలో చేయడం లేదు, అడిగి మరీ సీసాలకి మూతలు బిగించే చోటికి మారాడు. సిరప్ అన్న పేరు మాత్రం పోలేదు.

పొద్దున్నే టీ ఆయనే పెడతాడు. తెచ్చి నా ముందు నిలబడి, "పాలు, టీపొడి, పంచదార. ఇంకేమీ వేయలేదు," అని చెప్పాకే గ్లాసు చేతికిస్తాడు. నేను ఎప్పుడూ అడగలేదు, చెప్పొద్దని కూడా అనలేదు. నేను తాగేదాకా అక్కడే ఉండి, ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి ఆయనే కడుగుతాడు.