గరిట పట్టని గరిటమ్మ

బడి భోజనం తినండని పిల్లల్ని బతిమాలడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళు ఆమె వెంట ఒక్క పూట తిరిగితే చాలు, ఆ మాట మళ్ళీ ఎత్తరు. పొద్దున్న మొదటి గంట కొట్టకముందే ఏదో ఒక బడి గేటు దగ్గర నిలబడి కరపత్రాలు పంచాలి. పదకొండింటికి ఇంకో బడి భోజనాల హాల్లో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని, వాళ్ళు పళ్ళెం అంచుకి తోసేసిన బఠాణీలను లొట్టలు వేస్తూ తినాలి. మధ్యాహ్నం తల్లిదండ్రుల సమావేశం. సాయంత్రం వీధుల్లో తలుపులు కొట్టడం. రాత్రికి ఇంటికి చేరేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఇంత చేసీ ఆమె ఎవరికీ ఒక్క మెతుకు వండి పెట్టింది లేదు. ఆమె బాధల్లా అదే.

ఊరంతా ఆమెను గరిటమ్మ అంటుంది. అసలు పేరు జీతం కాగితం మీద ఉందంటే ఉంది. నాలుగేళ్ళ కిందట ఆమె బడుల వంటశాలలో వంటమనిషి. ఊళ్ళో బడులన్నిటికీ అక్కడే వండి, మూత బిగించిన డబ్బాల్లో వ్యాన్లలో పంపుతారు. ఒక రోజు ఫోటోలవాడు ఒకడు వచ్చాడు. ఆ క్షణంలో ఈమె తనంత పొడుగు గరిటను భుజాన వేసుకుని, ఎవరో విసిరిన జోకుకు పగలబడి నవ్వుతోంది. వాడు క్లిక్కుమనిపించాడు. అంతే, నెల తిరిగేలోగా ఆ నవ్వు ప్రతి బడి గోడ మీదికీ, ఊళ్ళో తిరిగే బస్సుల వెనకభాగాల మీదికీ ఎక్కింది. కింద "ఇవాళ తిన్నారా?" అని పెద్ద అక్షరాలు. పిల్లలు గరిటమ్మను చూస్తామని గోల పెట్టారు. ప్రచార విభాగం ఆఫీసరు వంటశాలకొచ్చి, "రెండు నెలలమ్మా, రెండే నెలలు" అని చెప్పి ఆమెను తీసుకెళ్ళాడు. ఆఫీసర్ల క్యాలెండర్లో నెలలు ఎంత పొడుగుంటాయో పాపం ఆమెకేం తెలుసు!

వంటశాలలో ఆమెకు పని నేర్పింది పెద్దక్క. చుట్టరికపు అక్క కాదు, వంటశాలకు పెద్ద కాబట్టి అందరూ అలా పిలుస్తారు. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. ఆవిరి వాసన చూసి ఉప్పు తగ్గిందని చెప్పగల మనిషి. ఆవిడ చేతికింద తొమ్మిదేళ్ళు చేసిన గరిటమ్మకు ఆ విద్య సగానికి సగం అబ్బింది. ఇప్పుడా విద్యతో చేసేదేముంది? సమావేశాల్లో మైకు వాసన చూడటమే.

పైగా ఆమె నెత్తి మీదికి ఆమే తెచ్చుకున్నది ఒకటుంది. కొత్తలో, తల్లిదండ్రులకు రుచి చూపించే రోజున, వ్యాన్లో వచ్చిన అన్నం ముద్దకట్టి, కూర చల్లారి, మూత తీస్తే ఆవిరి కూడా రాలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇది మా వంట అని ఎలా చెప్పను? వెంటనే బడి వెనక గదిలో చిన్న స్టవ్ వెలిగించి, అవే బియ్యం, అవే కూరగాయలతో ఒక చిన్న గిన్నెలో వేడివేడిగా వండి వడ్డించింది. తల్లిదండ్రులు వేళ్ళు నాకారు. పిల్లల్ని భోజనానికి చేర్పిస్తామని అక్కడికక్కడే సంతకాలు పెట్టారు. ఆఫీసరు పొంగిపోయాడు. దానికి "చిన్న గిన్నె పద్ధతి" అని పేరు పెట్టి నియమాల పుస్తకంలో ఎక్కించాడు. మూడో నెలకల్లా ఆ చిన్న గిన్నె కూడా ఆమె చేతుల్లోంచి పోయింది. వండటానికి ఒక హోటల్ వంటవాడిని పెట్టుకున్నారు. ఆమె ముందు నిలబడి గరిట పట్టుకుని నవ్వాలి కదా మరి!

ఇంట్లో ఆమె కూతురు ఏడో తరగతి. ఆ పిల్ల తినేదీ బడి భోజనమే. ఒక సాయంత్రం హోంవర్కు మీంచి తలెత్తకుండానే అడిగింది.

"అమ్మా, మీ చిన్న గిన్నె ఉంది కదా, అది మా బల్ల దగ్గరికి ఎప్పుడూ రాదేం?"

పిల్ల వెటకారానికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ రోజు తల్లికి ముద్ద దిగలేదు.

ఆమె మొగుడు బస్సు డ్రైవరు. అతను నడిపే బస్సు వెనకాల కూడా ఆమె బొమ్మే. దాన్ని చూసుకుని అతను గాల్లో తేలిపోతుంటాడు. డిపోలో అందరికీ చెబుతాడు: "మా ఆవిడ ఇంట్లో నా ముందు నడుస్తుంది, రోడ్డు మీద నా వెనకాల వస్తుంది." వంటశాలకు తిరిగి వెళ్తానని ఆమె ఎప్పుడు నోరు తెరిచినా అతను చేతులు జోడిస్తాడు.

"నీకేం పిచ్చా? హాయిగా నీడపట్టున ఉద్యోగం. ఊరంతా నమస్కారాలు. మళ్ళీ ఆ పొగలోకి వెళ్ళి గిన్నెలు దించుతావా?"

"నాకు ఆ పొగే కావాలండీ. ఈ నవ్వు ఇంక నావల్ల కాదు. దవడలు నొప్పెడుతున్నాయి."

"దవడలకు మందు రాసుకో" అని అతను నవ్వేశాడు. మంచివాడే, కాదనను. కానీ మంచివాళ్ళు కూడా ఒక్కోసారి వినరు.

ఇదంతా ఎలాగో నడిచిపోయేదే, పెద్దక్క ఫోన్ చేయకుండా ఉంటే.

"ఏమే పిల్లా, ఈ నెలాఖరుతో నా పని అయిపోయింది. రిటైరవుతున్నా. నా జాగాలోకి నువ్వు రావాలి. నెలాఖరులోగా బదిలీ కాగితం తెచ్చుకున్నావా సరే, లేదంటే ఎవరో కుర్రవాళ్ళని వేస్తారు. వాళ్ళు ఇరవై ఏళ్ళు కదలరు. తర్వాత నువ్వు ఏడ్చినా లాభం లేదు."

ఆ జాగా కోసం గరిటమ్మ ఆశపడింది హోదా చూసుకుని కాదు. డబ్బాల్లో అన్నం, కూర ఎందుకు పాడవుతున్నాయో ఆమెకు తెలుసు. అన్నం అంతా ఒకే విడతలో మెత్తగా దించి డబ్బాలకెత్తుతున్నారు. దూరపు బళ్ళకు వెళ్ళే అన్నాన్ని కాస్త పలుకుగా ఉన్నప్పుడే దించి మూత బిగిస్తే, మిగతాది డబ్బాలోనే దారి పొడుగునా మగ్గి, పిల్లల పళ్ళెంలోకి వచ్చేసరికి సరిగ్గా విచ్చుకుంటుంది. కూరలు వ్యాన్లు కదిలే ముందు ఆఖరి అరగంటలో దించాలి. ఇది ఆమె ఆఫీసరుకు ఎన్నోసార్లు చెప్పింది. అతను శ్రద్ధగా తలూపి, "బాగుందమ్మా, దీన్ని కరపత్రంలో వేద్దామా?" అన్నాడు. వంటశాలలో పద్ధతి మార్చే అధికారం అక్కడి పెద్దకే ఉంది. పెద్దక్కకు చెబితే, రిటైరయ్యే ముందు నాకెందుకే ఈ కొత్త పద్ధతులు, నువ్వొచ్చాక చేసుకో అంది. ఆ పెద్ద తానయితే తప్ప ఆ అన్నం బాగుపడదు. కూతురు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

మర్నాడే ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది.

"పంపించకపోవడమేమిటమ్మా, తప్పకుండా" అన్నాడు ఆయన, ఎప్పటిలాగే చిరునవ్వుతో. "ఆ పెద్ద బడి ఒక్కటి మిగిలింది కదా. అక్కడ సగం మంది ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు. అక్కడ మూడొందల సంతకాలు తెప్పించండి. ఆ సాయంత్రమే కాగితం మీద సంతకం పెడతా."

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఇదే మాట కిందటేడు ఇంకో బడి గురించి అన్నాడు. అంతకు ముందేడు వంతెన పక్క బడి గురించి అన్నాడు. రెండుచోట్లా ఆమె అడిగినదానికంటే ఎక్కువే తెచ్చింది. తెచ్చిన ప్రతిసారీ ఆయన "మీరు లేకపోతే ఇంకెవరమ్మా?" అన్నాడు. ఒకటి మాత్రం ఆమెకు ఆ మెట్ల మీదే తెలిసొచ్చింది. ఈ విభాగంలోంచి వెనక్కి వెళ్ళినవాళ్ళంతా పని చెడగొట్టినవాళ్ళే. గొంతు బాగోలేదని ఒకావిడను వారంలో వంటశాలకు పంపేశారు. పిల్లల్ని కసిరిందని ఇంకొకావిడను పంపేశారు. బాగా చేసినవాళ్ళు మాత్రం కుడితిలో పడ్డ ఎలుకల్లా ఇక్కడే కొట్టుకుంటున్నారు.

అయితే చెడగొడదాం అనుకుంది.

పెద్ద బడిలో రుచి చూపించే రోజు వచ్చింది. హాలు నిండా తల్లిదండ్రులు, పిల్లల చిన్న బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. వెనక గదిలో హోటల్ వంటవాడు స్టవ్ వెలిగించబోతుంటే ఆమె ఆపింది.

"ఇవాళ నీకు సెలవు. ఇంటికెళ్ళు."

"గిన్నెలో ఏం వండాలో చెప్పకుండా సెలవంటే ఎలాగక్కా?"

"ఏమీ వండొద్దు. వెళ్ళు బాబూ."

వ్యాన్లోంచి దించిన డబ్బాలను నేరుగా హాల్లోకి మోయించింది. అందరి ముందూ మూతలు తీసింది. అన్నం ముద్దలుగా లేచింది. కూర అంచుల్లో నీళ్ళు తేలాయి, క్యారెట్ ముక్కలు ముట్టుకుంటే చిదిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. వెనక వరసలో కూర్చున్న ఆఫీసరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆమె మైకు తీసుకుంది. నవ్వలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి చేతిలో మైకు ఉండగా ఆమె నవ్వలేదు.

"ఇదీ మీ పిల్లలు రోజూ తినేది. ఇంతకాలం అన్ని బళ్ళలో మీలాంటివాళ్ళకు మేం రుచి చూపించింది వేరు. అది ఇలాంటి రోజుల కోసం విడిగా వండింది. ఆ వేషం మొదలుపెట్టింది నేనే."

చివరి మాట దగ్గర గొంతు వణికింది. నాలుగేళ్ళుగా మోస్తున్నది ఒక్కసారిగా బయటపడితే వణకదా మరి!

హాల్లో గుసగుసలు లేచాయి. ఒకాయన విసురుగా లేచి, "ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారన్నమాట" అన్నాడు. ఆమె లోలోపల సంతోషించింది. అను నాయనా, ఇంకా గట్టిగా అను. ఇంకో పదిమందిని లేపు. సాయంత్రానికి నన్ను వంటశాలకు తరిమేస్తారు.

అప్పుడు మొదటి వరసలోంచి కుట్టుపని చేసే ఒకావిడ లేచింది. బ్లౌజు మీద ఇంకా దారప్పోగులు ఉన్నాయి. డబ్బాలోంచి ఇంత అన్నం, ఇంత కూర పెట్టుకుని నిలబడే తింది. అందరూ ఆవిడ నోరే చూస్తున్నారు.

"బాగాలేదు" అంది ఆవిడ. "కానీ పొద్దున్న నేను వండుకున్నది మధ్యాహ్నం మిషను దగ్గర తినేటప్పుడు ఇలాగే ఉంటుంది. నాకేం రోగం రాలేదు. ఇన్నాళ్ళలో మనకి ఎవరైనా మొహం మీద నిజం చెప్పారా? ఈవిడ చెప్పింది. అన్నం ఎలా ఉన్నా సరే, ఈవిడుంటే నా పిల్లకి భయం లేదు. ఆ పెన్నిలా ఇవ్వండి."

ఎవరో నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ విసురుగా లేచినాయన కూడా కాసేపు అటూ ఇటూ చూసి వరసలో నిలబడ్డాడు. గరిటమ్మ గరిటతో పాటు అక్కడే కొయ్యబారిపోయింది. "వద్దమ్మా, ఆలోచించుకోండి, తొందరేం లేదు" అని నిజంగానే బతిమాలింది. ఆ మాట విని ఇంకో పాతికమంది వచ్చి పెట్టారు. సాయంత్రానికి మూడొందలు కాదు, నాలుగొందల పైమాటే.

ఆఫీసరు పరుగున వచ్చాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు, ఆ మనిషి నిజంగా కదిలిపోయాడు.

"ఇదమ్మా ప్రచారమంటే! నేను చదువుకున్నదంతా దండగ. ఇక చిన్న గిన్నె రద్దు. అన్ని బళ్ళలోనూ ఇలాగే చేద్దాం."

"సార్, నా కాగితం."

"ఇప్పుడు మిమ్మల్ని వదిలితే పైవాళ్ళు నన్ను వదలరమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "వేషం మొదలుపెట్టింది నేనే అని మీరన్నప్పుడు మీ గొంతు కాస్త వణికింది చూడండి, అది మాత్రం అలాగే ఉంచండి. అక్కడే అందరూ పడిపోయారు."

ఆమె ఆయన మొహం చూసింది. కోపం తెచ్చుకోవాలనుకుంది. అదీ రాలేదు. ఆయన తనను మోసం చేయడం లేదు, మెచ్చుకుంటున్నాడు. మోసం చేసేవాడితో అయితే పోట్లాడొచ్చు.

నెలాఖరున పెద్దక్క చివరిసారి వంటశాల గడప దాటిన రోజు, గరిటమ్మ ఊరి ఆ చివర బడిలో ఉంది. డబ్బాల మూతలు తీశారు. అన్నం ముద్దలుగానే లేచింది. దాన్ని బాగుచేయగల మనిషి మైకు పట్టుకుని నిలబడింది, రెండొందల మంది తల్లిదండ్రులు ఆమె వంకే చూస్తున్నారు. ఇవాళ వణకకూడదని ఆమె పళ్ళు బిగించుకుంది. చప్పగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేయాలనుకుంది.

"ఆ వేషం మొదలుపెట్టింది నేనే" అంది.

గొంతు సరిగ్గా అక్కడే వణికింది. అది దానంతటదే వణికిందో, ఆయన చెప్పాడని వణికిందో ఆమెకే తెలియలేదు. ముందు వరసలో ఒక తల్లి కళ్ళొత్తుకుని పెన్ను అడిగింది.