నాకు తెలియదన్న నర్సమ్మ

మా పాలెం పోస్టాఫీసుకు టపా సంచి పదకొండు గంటల బస్సుకు వస్తుంది. పోయిన మంగళవారం సంచి విప్పి ఉత్తరాల మీద ముద్రలు వేసుకుంటూ పోతుంటే, నా పేరు మీదే ఒక కార్డు కనబడింది. కావలి నుంచి వచ్చింది. చేతిరాత ఎప్పుడూ చూడనిది. "మా అక్క గురువారం ఉదయం పోయింది. రెండు రోజులు జ్వరం, అంతే. మీకు రాయమని తనే చెప్పింది" అని నాలుగు ముక్కలు. కిటికీ దగ్గర కవరు కోసం నిలబడి ఉన్న ముసలమ్మ నా ముఖం చూసి, "ఏందన్నా, ఎవురికేమయింది?" అని అడిగింది.

"నా కాలు నిలబెట్టినామె పోయింది అవ్వా," అన్నాను. మిగతా ఉత్తరాల మీద ముద్ర సరిగా పడిందో లేదో ఆ రోజు నేను చూసుకోలేదు.

ఆమె సర్కారు ఆసుపత్రిలో మగవాళ్ల సర్జరీ వార్డుకు హెడ్ నర్సు. మేమంతా నర్సమ్మ అనేవాళ్లం. పత్రికల్లో పేరు వచ్చేటంత పని తానేమీ చేయలేదని ఆమె నమ్మకం కాబట్టి నేనూ పేరు రాయడం లేదు. ఏం చేసిందో మాత్రం రాస్తాను.

నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఎస్సెల్సీ దాకా చదివి, సైన్యంలో గుమాస్తాగా చేరినవాణ్ణి. అరవై రెండులో యుద్ధం వచ్చినప్పుడు మా దళం ఉత్తరాన కొండల మీద ఉంది. వెనక్కి రమ్మని ఆజ్ఞ అందాక ఐదు రోజులు మంచులో నడిచాం. కాళ్లకు గుడ్డ బూట్లు. మూడో రోజు నుంచి ఎడమ పాదం నాది కానట్టే ఉంది. కిందికి దిగి బూటు కోసి తీస్తే వేళ్లు నల్లగా బొగ్గుల్లా ఉన్నాయి. మిలిటరీ ఆసుపత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు. పుండు మానింది. సర్వీసుకు పనికిరానని కాగితం ఇచ్చి ఇంటికి పంపారు.

మా పాలెంలో ఎవరూ నమ్మలేదు. మార్గశిరంలో కూడా చొక్కా లేకుండా పడవ మీద పడుకునే మనుషులకు చలికి వేళ్లు రాలిపోతాయంటే ఎట్లా నమ్మకం కలుగుతుంది? "తుపాకి తగిలిందని చెప్పుకోరా, బాగుంటాది," అని మా చిన్నాయన సలహా ఇచ్చాడు. మరుసటి ఏడు వానాకాలంలో ఉప్పు బురదలో తిరిగి తిరిగి మానిన చోటే మళ్లీ పగిలింది. ఆకు పసర్లయ్యాయి, తడ నుంచి తెచ్చిన మలామూ అయింది. పాదం ఉబ్బి వాసన పట్టాక నాయన నన్ను టౌనుకు తీసుకుపోయాడు.

ఆసుపత్రి చీటీల కిటికీలో గుమాస్తా నా డిశ్చార్జి కాగితం చూసి, "మిలిటరీ వాళ్లకు మిలిటరీ ఆసుపత్రులుండాయి గదయ్యా. ఆడికి పో," అన్నాడు. అది మరో రాష్ట్రంలో, రైల్లో పోవాల్సిన దూరంలో ఉందని నాయన బతిమాలుకున్నాడు. చీటీ అయితే ఇచ్చాడు గానీ, ఆ రోజు డాక్టరు దాకా పోలేకపోయాం. మర్నాడూ అంతే. మూడో రోజు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే, తెల్లచీర కట్టుకున్న పొడుగాటి మనిషి ఒకామె చేతిలో ట్రేతో గబగబా దాటిపోయి, నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఎవురిదీ వాసన?" అని అడిగింది.

సిగ్గుతో నా తల వాలిపోయింది. "నాదేనమ్మా," అన్నాను.

ఆమె ట్రే కింద పెట్టి, ఆ వరండా గచ్చు మీదే కూర్చుని కట్టు విప్పింది. ముక్కు మూసుకోలేదు. "ఏం తెగింది? కొడవలా, గాలమా?"

"తెగలేదమ్మా. మంచుకు పోయినాయి."

వేళాకోళమాడుతున్నానేమోనని నా ముఖంలోకి చూసింది. ఆడటం లేదని తెలిశాక, కాసేపు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచు పుండు నేనెప్పుడూ చూళ్లేదు అబ్బయా. దీన్నెట్టా మాన్పాలో నాకు తెలీదు. తెలుసుకుంటా. నువ్వు పక్కకు పోబాక," అంది.

తెలియదన్న మాట విని నాయన కంగారు పడ్డాడు గానీ నాకు మాత్రం ధైర్యం వచ్చింది. అప్పటిదాకా నా కాలు చూసిన ప్రతివాడూ అంతా తెలిసినట్టే మాట్లాడాడు.

ఆ సాయంత్రానికి వార్డులో మంచం దొరికింది. నా పక్క మంచం మీద, పాత ప్రపంచ యుద్ధంలో బర్మాకు పోయివచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. తొడలో ఇరుక్కున్న ఇనుప తునక ఇరవై ఏళ్ల తర్వాత చీము పట్టింది. రోజూ డాక్టరు వచ్చి "నొప్పి ఉందా?" అంటే ఆయన "లేద్సార్" అనేవాడు, నేనూ "లేద్సార్" అనేవాణ్ణి. డాక్టరు ముందుకు పోయేవాడు. ఒకరోజు నర్సమ్మ మా రెండు మంచాల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది.

"మీ మిలిటరీ వాళ్లతో ఇదొక తంటా. ఆడ నొప్పని చెప్తే పిరికోడంటారేమో. ఈడ చెప్పకపోతే నాకు దారి తెలీదు. యాడ, ఎంత, ఎప్పుడు, ఈ మూడూ చెప్పండి. ఏడస్తా చెప్పినా నాకు సమ్మతమే," అంది.

పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని, "తెల్లారి లేస్తానే ఎక్కువమ్మా. నిలబడ్లేను," అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆ మాట ఇంట్లో కూడా చెప్పలేదట.

నన్ను ఇంకా ఎక్కువ అడిగింది. ఎన్ని రోజులు నడిచావు, బూటు తడిసిందా, స్పర్శ ఎప్పుడు పోయింది, మొదట ఏ రంగు మారింది. ఎవరూ అడగని ఆ ఐదు రోజులనూ నేను మొదటిసారి ఒక మనిషికి చెప్పింది ఆ స్టూలు ముందే. దారిలో కూర్చుండిపోయిన నా స్నేహితుడి సంగతి వచ్చినప్పుడు ఆమె రాసుకోవడం ఆపింది. నేను మళ్లీ మొదలుపెట్టేదాకా ఊరికే కూర్చుంది.

ఆ వివరాలన్నీ పెట్టి ఒక మిలిటరీ ఆసుపత్రి మేట్రనుకు ఉత్తరం రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది, మూడు పుటల ఇంగ్లీషులో. మధ్యాహ్నం పని తెరిపి ఇచ్చినప్పుడు వరండా బల్ల మీద ఇద్దరం కూర్చుని చదివాం. వైద్యం మాటలు ఆమె చెప్పేది, మిలిటరీ మాటలు నేను చెప్పేవాణ్ణి. రెండో పుటలో ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది. మంచు తగిలిన పాదానికి వేడినీళ్ల కాపడం పెట్టకూడదు, స్పర్శ ఉండదు కాబట్టి కాలినా రోగికి తెలియదు అని ఉంది.

అప్పటికి ఇరవై రోజులుగా నా పాదానికి పొద్దున, సాయంత్రం వేడినీళ్ల కాపడం పెడుతున్నారు. పెట్టమన్నది ఆమే.

ఆమె కాగితం మడిచి లేచి, నా కట్టు విప్పి, పుండు అంచున కమిలి ఉన్న చర్మాన్ని చాలాసేపు చూసింది. "ఇది మంచు చేసింది కాదు అబ్బయా. నేను చేసింది. తప్పు నాది," అంది. ఆయాను పిలిచి వేడినీళ్లు మాన్పించింది. డాక్టరు గారు రాగానే ఆయనకూ అదే మాట, అందరి ముందూ చెప్పింది. సైన్యంలోనూ, తర్వాత ఈ ఉద్యోగంలోనూ ఎందరో పైవాళ్లను చూశాను. తప్పు నాది అని కిందివాడికి చెప్పిన పైవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా వేళ్లే తక్కువ, అవీ సరిపోతాయి.

మా వార్డు చూసే సర్జన్ గారు చెడ్డవారు కారు. ముప్ఫై మంచాల వార్డులో నేల మీద కూడా రోగులుండేవాళ్లు. కట్టుగుడ్డలు ఉతికి, ఉడకబెట్టి, మళ్లీ వాడేవాళ్లు. పెన్సిలిన్ వచ్చిన వారం ఉండేది, రాని వారం ఉండేది. ఆ ఇరుకులో ఆయన నా కాలు చూసి, "ఇది మానే పుండు కాదు. మోకాలి కింద తీసేద్దాం. పదిరోజుల్లో ఇంటికి పోతాడు," అన్నారు.

"మూడు వారాలు గడువియ్యండి సార్," అంది నర్సమ్మ.

"పైకి పాకితే?"

"అది ఆ అబ్బాయిని అడిగి చెప్తాను సార్."

నిజంగానే అడిగింది. నాయన కూడా ఉన్నప్పుడు వచ్చి, దాచకుండా చెప్పింది. "ఇప్పుడు తీస్తే మోకాలు మిగులుతాది, కొయ్యకాలు పెట్టుకోని బాగానే నడవొచ్చు. ఆగితే పాదం దక్కచ్చు. దక్కకపోతే మోకాలు కూడా పోతాది. నేను కాపడం పెట్టించిన పాపం కడుక్కోడానికి నిన్ను ఆగమంటన్నానేమోనని నాకే అనుమానంగా ఉండాది. అందుకని నా మాట పట్టుకోబాక. మీరిద్దరూ అనుకోండి."

నాయన నా కాలి కట్టును ఒకసారి ముట్టుకుని చూశాడు. చివరికి, "కాలు లేకపోయినా పడవలో కూసోవచ్చు. మడిసి లేకపోతే కష్టం," అన్నాడు. తీసేయమనే ఆయన మనసులో మాట. నేను ఆగుతానన్నాను. నాయన నా మీద కోపంతో ఆ రోజు అన్నం తినలేదు.

ఆ మూడు వారాలూ కట్టు ఆమే కట్టింది. సెలవు రోజున కూడా వచ్చేది. ప్రతి ఆదివారం తెల్లనూలు పోగు ఒకటి ఉడకబెట్టి, పుండుకు అడ్డంగా పెట్టి, అంచు దగ్గర కత్తిరించి, కాగితం మీద జిగురుతో అంటించేది. మొదటి వారం పోగు కంటే రెండో వారం పోగు కొంచెం పొడుగు. నేను ముఖం చాటేస్తే, "చూడు. నీ కాలు సంగతి నీకు తెలియకుండా నేను దాచను," అని కాగితం నా ముందు పెట్టింది. నాకు నిద్ర కరువైంది. నాయన చెప్పినట్టు వినాల్సిందేమో అనిపించింది.

మూడో ఆదివారం ఆమె పోగు పెట్టి కత్తిరించి, వెలుతురుకు పట్టుకుని చూసి, మళ్లీ కొలిచింది. కాగితం మీద అంటించింది. రెండో పోగు కంటే ఒక బియ్యపు గింజంత తక్కువ.

మర్నాడు సర్జన్ గారి ముందు ఆ కాగితం పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశారు. "ఇంత చిన్న తేడా నూలు సాగితే కూడా వస్తుందమ్మా," అన్నారు. ఆమె నా కట్టు విప్పింది. ఆయన వంగి నా పుండు కూడా చూశారు. అడుగున ఎర్రటి కొత్త కండ కనబడినట్టుంది. "ఇంకో రెండు వారాలు," అని పక్క మంచానికి పోయారు.

మాఘమాసంలో నేను ఆసుపత్రి మెట్లు నడిచి దిగాను. మిగిలిన ఒక్క వేలూ పోయింది. పాదం ఉంది. నాయన ఒక బుట్టెడు రొయ్యలు తెచ్చి ఆమె ముందు పెడితే, వార్డులో ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోననీ, వండించి అందరికీ పెట్టమనీ చెప్పి వంటగదికి పంపింది.

తర్వాత ఆమె ఇంకొక పని మొదలుపెట్టింది. సైన్యం నుంచి వచ్చిన రోగి అని తెలిస్తే చీటీ మీద మూలన ఎర్ర పెన్సిలుతో "జవాను" అని రాసేది. వరసలో ముందు పంపడానికి కాదు. "డాక్టరు చూసి ఒక ప్రశ్న ఎక్కువ అడగతాడని," అనేది. కిటికీ గుమాస్తా కూడా కొన్నాళ్లకు ఒక ఎర్ర పెన్సిలు తెచ్చుకున్నాడు. వెళ్లిపొమ్మనడం మానేశాడు.

అరవై అయిదు యుద్ధం తర్వాత నాకు ఆమె దగ్గర నుంచి కార్డులు రావడం మొదలైంది. "ఒక అబ్బాయి వచ్చాడు, మాట్లాడడు. ఆదివారం రా." అంతే ఉండేది. నేను పోయేవాణ్ణి. వెంకటాచలం వైపు రైతుబిడ్డ ఒకడు ఎవరేం అడిగినా పలకడం లేదని, బుర్ర చెడిందని అనుకున్నారు. నేను పక్కన కూర్చుని ఊరికే నా చెప్పు విప్పి పాదం చూపించాను. వాడు చూసి, గట్టిగా అరిచినట్టు, "నాకు వినపడదన్నా. ఫిరంగి పక్కనే ఉండినా," అన్నాడు. నర్సమ్మ పోయి పలకా బలపం తెచ్చింది. ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం పలక మీదే మాట్లాడుకున్నాం. వాడి చెవి రాలేదు. బుర్ర చెడిందన్న మాట మాత్రం చీటీ మీద నుంచి కొట్టేశారు.

అన్నీ బాగుపడ్డాయని రాయను. బర్మా పెద్దాయన నేను ఇల్లు చేరిన ఏడు ఎండాకాలంలోనే పోయాడు. మందులు రాని వారాలు ఇప్పటికీ ఉన్నాయని విన్నాను. కానీ ఆ వార్డులో ఒక మనిషి అడిగింది, విన్నది, తెలియనిది తెలియదన్నది. దేశం కోసం పోయివచ్చినవాడికి ఆసుపత్రిలో కావలసిన గౌరవం చాలా వరకు అదే.

రిటైరయి కావలికి చెల్లెలి ఇంటికి పోయేముందు ఒకసారి మా పాలెం వచ్చింది. సముద్రం చూసి చాలా ఏళ్లయిందనీ, చూడాలని ఉందనీ అంది. ఒడ్డుకు తీసుకుపోయాను. పడవలు అప్పుడే వచ్చి ఉన్నాయి. ఎండ ఇంకా తగ్గలేదు. తడి ఇసుక దాకా పోయాక ఇద్దరం చెప్పులు విప్పాం. ఆమె తన చెప్పులు చేత్తో పట్టుకుని, "నువ్వు ముందు నడువు," అంది. నడిచాను. కొంతదూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె నడుం వంచి నా ఎడమ పాదం గుర్తులు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తోంది. "మడమ మీద ఎక్కువ మోపతన్నావు అబ్బయా, ముందుకు మోపు. ఊఁ, నడువు," అంది. నేను మళ్లీ నడిచాను. ఆ చివరి పడవ దాకా అట్లాగే నా వెనకాలే వచ్చింది, తలెత్తి సముద్రం వైపు ఒక్కసారి కూడా చూడకుండా.