'కానీ' అంటే తొక్కుడే

కంప్యూటర్ నేర్చుకోకుండా అమీర్‌పేటలో తిరిగే డిగ్రీ పిల్లని ఆ రోజుల్లో జనం జ్వరంతో రోడ్డెక్కిన మనిషిని చూసినట్టు చూసేవారు. గోడ మీద, కరెంటు స్తంభం మీద, సోడా బండి మీద, ఆఖరికి ఆటోల వెనకాల కూడా కోర్సుల పేర్లే. నడుస్తుంటే చేతిలో కరపత్రం కుక్కేవాళ్లు, వద్దంటే "ఏం మేడమ్, జాబ్ వచ్చేసిందా?" అని ఆరా తీసేవాళ్లు. వచ్చేసింది. ఎక్కడో చెప్పడానికే మా అమ్మకి నామోషీ. పక్కింటివాళ్లు అడిగితే "ఏదో ఇంటీరియర్స్ కంపెనీ" అనేది. లోపలి పని కాదు, కిటికీ బయటి పని అని నేను సరిదిద్దేదాన్ని. (ఈ సరిదిద్దే గుణం వల్లే అంతకు ముందు చేరిన ఉద్యోగాలు నిలవలేదని మా నాన్న అభిప్రాయం. ఆ చోట్లన్నిటా తప్పు వాళ్లదే.)

మేము పంజగుట్టలో ఉండేవాళ్లం. నాన్న ఎర్రమంజిల్‌లో గుమాస్తా. నేను పని చేసింది అమీర్‌పేట దాటి సనత్‌నగర్ వైపు మళ్లే సందులో ఒక రేకుల షెడ్డులో. కిటికీల మీద ఎండా వానా పడకుండా బిగించే ఇనప రేకు సజ్జాలు అక్కడ తయారయ్యేవి. ఇళ్లకి వెళ్లి కిటికీలు కొలవడం, బొమ్మ గీసుకొచ్చి షెడ్డులో వివరించడం, కస్టమర్లు గొణిగితే సమాధానం చెప్పడం నా పని. యజమానిని అందరూ సేటు అనేవారు. పేరుకే సేటు, మనిషి నల్గొండ వైపు. ఉద్యోగం కోసం వెళ్లిన రోజు నేను ఆయన బోర్డు మీద అచ్చుతప్పు చూపించి చాలాసేపు వాదించాను. ఆయన ఓపిగ్గా విని, "నాకు గిసొంటి మనిషే కావాలె. కస్టమర్లతోని నేను కొట్లాడలేక సస్తున్న" అని అక్కడికక్కడే పెట్టుకున్నాడు. నాన్న మాత్రం ఒక షరతు పెట్టాడు. "ఇది కూడా ఊడిందంటే మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ క్లాసులో కూర్చుంటావు. మారు మాట్లాడకూడదు." మారు మాట్లాడకుండా కూర్చోవాల్సిన చోటు ఏదైనా నాకు జైలే కాబట్టి ఈ ఉద్యోగాన్ని నేను గోళ్లతో పట్టుకుని వేలాడుతున్నాను.

షెడ్డులో అసలు పెద్దమనిషి కరెంటు మీద నడిచే రేకు వంచే మిషన్. రేకు అంచు మడవకపోతే అది సజ్జా కాదు, కిటికీకి కట్టిన కత్తి. అందుకని ప్రతి రేకూ మిషన్ దవడల మధ్య పెట్టి మడవాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. మిషన్ ముందు రేకు పట్టుకుని, వేళ్లతో సర్ది, గీతకి తెచ్చేది మేస్త్రీ గారు. తాడేపల్లిగూడెం మనిషి, మెత్తగా మాట్లాడతారు. మిషన్ పక్కన పెడల్ తొక్కేది ఒక భాయ్. ఆయన అసలు పేరు జీతాలిచ్చే రోజున తప్ప వినబడేది కాదు, అందరికీ తొక్కుడు భాయే. మధ్యలో పెద్ద రేకు అడ్డం కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనబడదు. మాటే దిక్కు. రేకు గీతకి రాగానే మేస్త్రీ గారు చేతులు వెనక్కి తీసుకుని "కానీ!" అనేవారు, అంటే కానివ్వు అని. భాయ్ తొక్కేవాడు. దవడ ధన్‌మని దిగేది. ఏళ్ల తరబడి ఆ షెడ్డు అలా క్షేమంగా నడిచింది.

అక్కడికి నేను చేరాను. నా సంభాషణలో 'కానీ' అనేది ఉప్పులాంటిది, ఏ వాక్యమైనా అది లేకుండా మింగుడు పడదు. ఆ రోజు మేస్త్రీ గారు నా బొమ్మ చూసి, రేకు ఇంకాస్త బయటికి ఉంటే బాగుంటుందమ్మా అన్నారు. చేతులు ఇంకా దవడల మధ్యే ఉన్నాయి. నేను పక్కన నిలబడి, అవతల గ్రైండర్ చప్పుడు మీద వినబడాలని గొంతెత్తి, "మీరు చెప్పింది బాగానే ఉంది మేస్త్రీ గారూ, కానీ..." అన్నాను.

ధన్!

మేస్త్రీ గారు రెండడుగులు వెనక ఉన్నారు. ఆయన గ్లౌజు మాత్రం మిషన్‌లో ఉంది. దవడ మధ్య వేళ్ల కొసలు ఇరుక్కుని, మిగతాది నమస్కారం పెడుతున్నట్టు వేలాడుతోంది. గ్రైండర్ ఆగింది. అందరం ఆ గ్లౌజుని చూశాం, తర్వాత ఆయన చేతిని చూశాం. ఆయన వేళ్లు ఒక్కొక్కటీ మడిచి తెరిచి, "వదులు గ్లౌజు కాబట్టి సరిపోయిందమ్మా" అన్నారు.

"అరే, తొక్కినవేందిర భాయ్!" సేటు ఉరికొచ్చాడు.

"నేనేం జేశ్న సేట్? కానీ అన్నరు, తొక్కిన."

"అన్నది మేస్త్రీ కాదు, నేను! అదీ 'కానీ' అంటే కానివ్వు అని కాదు. ఒక మాట ఒప్పుకుని, దానికి అడ్డం చెప్పేముందు అనే 'కానీ'. రెండూ వేరు" అన్నాను నేను.

"గదా? మేం గా మాటను 'గని' అంటం మేడమ్. మా ఇంట్ల 'లేకిన్' అంటం. కానీ అంటే నాకు ఒక్కటే ఎరుక, తొక్కుడు."

"మరి గొంతు తేడా తెలియదా? నాదీ మేస్త్రీ గారిదీ ఒకటేనా?"

"గ్రైండర్ నడుస్తుంటే నాకు మా అమ్మ గొంతు సుత తెల్వది. ఇగ మీ గ్రామర్ అంటరా, మేడమ్, కాలుకు గ్రామర్ రాదు."

సేటు తీర్పు చెప్పాడు. "సూడమ్మా, నీ మీద కోపం లేదు. గని మేస్త్రీ వేళ్లు పోతే మళ్ల రావు. రేపటి సంది షెడ్డుల గా మాట బందు. బందు చెయ్యనీకి కాకుంటే చెప్పు, వేరే మనిషిని చూసుకుంట." మాట తప్పా, కాలు తప్పా అని వాదించబోయి, మొదటి పదమే ఆ నిషేధించిన పదమని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

'కానీ' లేకుండా వాదించడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. 'కాకపోతే' అందామనుకుంటే 'కా' అనగానే మేస్త్రీ గారు చేతులు లాక్కునేవారు. 'అయినా' అంటే కస్టమర్లకి పుల్లవిరుపుగా వినబడేది. చివరికి ఆ మాట రావలసిన చోట ఆగి ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకున్నాను. షెడ్డులో ఎక్కిళ్లనుకుని మంచినీళ్లు ఇచ్చేవారు. ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. రాత్రి భోజనం దగ్గర నాన్న "ఆ ఇనప కొట్టు మానేసి కోర్సులో చేరితే నీకే మంచిది" అన్నాడు. "నిజమే నాన్నా..." అని అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాను. నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నేను 'నిజమే' దగ్గర వాక్యం ఆపడం ఆయన చూడలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ ఏ క్లాసు ఎన్నింటికో కనుక్కొచ్చాడు. అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

ఇక ఉపేక్షిస్తే లాభం లేదని మర్నాడు చాయ్ వేళకి సేటుని పట్టుకున్నాను. మనిషి నాలుక మార్చడం కంటే మిషన్ మాట మార్చడం తేలిక అన్నాను. ఏళ్లనాటి నా నోటికి తాళం వెయ్యడం సాధ్యం కాదని ఆయనకీ ఈపాటికి తెలిసొచ్చినట్టుంది, సరే మీరే ఏదో ఒకటి ఖరారు చెయ్యండన్నాడు. కూర్చున్నాం. భాయ్ "చలో" అన్నాడు. చాయ్‌కి పోదామన్నా అదే అంటావు కదా అని కొట్టేశాం. బస్సు కండక్టర్ లాగా "రైట్" అంటే బాగుంటుందని మేస్త్రీ గారన్నారు. సేటు ఫోన్ ఎత్తితే మాటకి రెండు 'రైటు'లు. "దబావ్ అందాం. మా బోలీల నొక్కు అని" అన్నాడు భాయ్. "అబ్బే, మా వైపు దబాయించడమంటే వేరు. అది అమ్మాయిగారు పొద్దస్తమానం చేసేదే" అన్నారు మేస్త్రీ గారు. ఆ మెత్తని గొంతులో అంత ముల్లుందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పుడు భాయ్ గ్లాసు కింద పెట్టి, "గట్ల కాదు. మేడమ్ నోట్ల నుంచి ఎన్నడు రాని మాట పెడదాం. ఫికరే ఉండది" అన్నాడు.

"ఏంటది?"

"మీరే కరెక్ట్."

సేటు నవ్విన నవ్వుకి చాయ్ ముక్కులోకి పోయింది. నేను కోపం తెచ్చుకుందామని చూశాను. ఎంత వెతికినా ఆ మాట నేను అన్న సందర్భం ఒక్కటీ దొరకలేదు. అదే ఖాయమైంది. మర్నాటి నుంచి షెడ్డంతా ఒకటే మర్యాద. "మీరే కరెక్ట్!" ధన్. "మీరే కరెక్ట్!" ధన్. సందులో పోయేవాళ్లు ఆగి, లోపల ఎవరికి సన్మానం జరుగుతోందా అని తొంగి చూసేవారు. నేను హాయిగా, స్వేచ్ఛగా, నోరారా 'కానీ' అనుకుంటూ తిరిగాను.

అలాంటి రోజుల్లో మధురానగర్ లేడీస్ హాస్టల్ ఆర్డర్ వచ్చింది. షెడ్డుకి అంత పెద్ద పని అదే మొదలు. కొలతలు నేనే తెచ్చాను. రేకులు మడవడం మొదలైన రోజునే హాస్టల్ ఆంటీ ఆటో దిగింది. బెజవాడ మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఇనుప తుక్కు మీద నుంచి నేరుగా మిషన్ దగ్గరికొచ్చింది.

"ఏంటమ్మా, సజ్జా ముందుకి ఇంత వాలుగా దింపారేంటి?"

"వాలు లేకపోతే వాన లోపలికి కొడుతుందండీ."

"కొడితే కొడుతుంది, తలుపెలా తెరుచుకుంటుంది? మా కిటికీ తలుపులు బయటికి కదా తెరిచేది!"

నేను వానల గురించి, వాలు గురించి, గాలి ఏ వైపు నుంచి వస్తుందనే దాని గురించి మాట్లాడాను. ఆంటీ అంతా విని, ఒక అరచెయ్యి వాలుగా పట్టుకుంది. "ఇదిగో సజ్జా." రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని నిలువుగా దాని కింద పెట్టింది. "ఇదిగో తలుపు. ఇప్పుడు తెరువు." తెరిచాను. నా వేళ్లు ఆవిడ అరచేతికి గుద్దుకున్నాయి. నేను కొలవడానికి వెళ్లినప్పుడు ఆడపిల్లలు చదువుకుంటున్నారని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తెరిచి చూడాలని నాకు తట్టలేదు.

"ఔనో కాదో చెప్పమ్మా. ఔనంటే మార్చి చెయ్యండి. కాదంటే నేను ఇంకోచోట చూసుకుంటా." ఆంటీ వెనకాల సేటు చేతులు జోడించి, ఒప్పుకో తల్లీ అని సైగ చేస్తున్నాడు. ఆర్డర్ పోతే నేనూ పోతాను. నోరు తెరిచాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చూశాను, నా పక్కనే మేస్త్రీ గారి చేతులు రెండూ దవడల మధ్య రేకు సర్దుతున్నాయి. అవతల భాయ్ కాలు పెడల్ మీద ఉంది.

'ఔను' అంటే సరిపోయేది కదా అంటారు మీరు. ఒప్పుకోవడం అలవాటున్నవాళ్లకి దానికి పది మాటలు తెలుస్తాయి. నా నోటికి తెలిసింది రోజూ ఆ షెడ్డులో మోగుతున్న ఆ ఒక్క మాటే. నోరు గట్టిగా మూసుకుని గోడ దగ్గరికి నడిచాను. మెయిన్ స్విచ్ కిందికి లాగాను. లైట్లు పోయాయి, గ్రైండర్ పోయింది. మిషన్ చక్రం తిరగడం పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి అన్నాను. చప్పుళ్ల మధ్య మాట్లాడే అలవాటు కదా, ఆ నిశ్శబ్దంలో నా గొంతు సందు చివరిదాకా వెళ్లింది.

"మీరే కరెక్టండీ!"

టక్‌మని చిన్న చప్పుడైంది. భాయ్ కాలు పెడల్ తొక్కేసింది. కరెంటు లేదు కాబట్టి దవడ కదల్లేదు.

మేస్త్రీ గారు నెమ్మదిగా చేతులు బయటికి తీసి, వాటిని చూసుకుని, నన్ను చూసి, వెళ్లి బల్ల మీద కూర్చున్నారు. భాయ్ రేకు పక్క నుంచి తల బయటపెట్టాడు. ముఖం పాలిపోయి ఉంది. "క్యా మేడమ్! ఎన్నడు అనరనే కదా గా మాట పెట్టుకున్నం. గిట్ల మోసం జేస్తరా?"

"ఒప్పుకోడానికి కరెంటెందుకు తీశావమ్మా?" అంది ఆంటీ. చెప్పాం. ఆవిడ సేటుని నిలబెట్టి ఇచ్చిన చీవాట్లు నేను కూడా ఇవ్వలేను. ఆర్డర్ నిలిచింది, నేనూ నిలిచాను. నాన్న క్లాసుల వేళలన్నీ మర్చిపోవలసొచ్చింది. ఆ వారంలోనే సేటు మాటలన్నీ రద్దు చేసి మిషన్‌కి గంట పెట్టించాడు. రేకు పట్టుకున్న మనిషి రెండు చేతులూ బయటికి తీసి, రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే అది మోగుతుంది. మోగితేనే తొక్కుడు. ఆ ఉపాయం తనదని సేటు చివరిదాకా చెప్పుకున్నాడు. నాదే. కావాలంటే మేస్త్రీ గారిని అడగండి.

ఇప్పుడు అక్కడ షెడ్డు లేదు, అపార్ట్‌మెంట్ ఉంది, దాని కిటికీలకి సజ్జాలు లేవు. నేను మాత్రం అలాగే ఉన్నాను, మా ఇంట్లోవాళ్లని అడిగితే ముదిరానంటారు. మొన్న మా అమ్మాయికీ నాకూ మాటా మాటా పెరిగింది. విషయం చిన్నదే. అది చెప్పేది సబబుగా ఉందని సగంలోనే నాకు తెలిసిపోయింది. లేచి వెళ్లి ఫ్యాన్ కట్టేశాను.

"ఏంటమ్మా, చలేస్తోందా?" అంది, నడివేసవిలో.

"లేదే" అన్నాను, రెక్కలు పూర్తిగా ఆగేదాకా చూస్తూ. "నీకొక మాట చెప్పాలి."