చెవి కింది కండ

ఏళ్ల తరబడి నెత్తిన ఇటుకలు మోసిన ఆమెకు ఇప్పుడు మెడ పక్కకు తిరగడం లేదు. చెవి వెనక నుంచి గొంతు కింది ఎముక దాకా తాడులా బిగిసిన కండను డాక్టరు నొక్కి చూపించాడు.

"కుడివైపు కండ లాగితే ముఖం ఎడమకు తిరుగుతుందమ్మా. మీవి రెండువైపులా బరువుకే బిగుసుకుపోయాయి."

ఇంటికొచ్చేసరికి కూతురు గొప్పలు పోతోంది. "చెయ్యి పట్టకుండా తట్ట మోశానమ్మా, నువ్వు నేర్పినట్టే. మేస్త్రీ నోరెళ్లబెట్టాడు."

ఆమెకు పాత సంగతి గుర్తొచ్చింది. ఒకప్పుడు కూలీలంతా బరువులెత్తే యంత్రం కావాలని పట్టుబడితే, ఉన్న పని పోతుందని అడ్డుపడింది తనే.

"రేపు మీ పని దగ్గరికొచ్చి, బరువులెత్తే యంత్రం పెట్టమని మేస్త్రీని నేనే అడుగుతాను."

"అడిగి, నా కూలి ఊడగొడతావా?"

ఆమె కూతురి మెడ తడిమింది. చెవి కింది కండ అప్పటికే రాయిలా చేతికి తగిలింది.