అరణపు బండి ఎక్కని బిడ్డ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, విడుదల అనే మాట నాకు మొదట తెచ్చినది మా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఎస్తేరమ్మ గారు. అప్పటికి నేను, నా భర్త దావీదు, మా కూతురు రూతు చిట్టమూరు దిక్కున ఒక పెద్ద ఆసామి ఇంటి మనుషులం. ఇంటి మనుషులంటే చుట్టాలం అనుకునేరు, ఆయన గొడ్లు ఎట్లా ఆయనవో మేమూ అట్లాగే ఆయనవాళ్ళం. మా మామ ఆ ఇంటి పాలేరుగానే పుట్టి పాలేరుగానే పోయాడు, మా గుడిసె ఉన్నది ఆయన దిబ్బ మీదే, మేము తాగే గంజి ఆయన కుండలోదే, ఇంకొక బ్రతుకు ఉంటుందన్న తలపే మాకు లేదు.

ఒకనాడు నాట్ల మధ్య గట్టు మీద కూడు తింటుండగా ఎస్తేరమ్మ గారు వచ్చి కూర్చుని, సముద్రాల అవతల అమెరికా దేశంలో నల్లవారిని సంతలో పశువుల్లాగా కొని అమ్మేవారని, తల్లి ఒక చోటికి, బిడ్డ ఒక చోటికి పోయేవారని, ఇశ్రాయేలీయులను ఐగుప్తు నుండి తెచ్చిన దేవుడు మాకూ దేవుడే అని పాడుకుంటూ వారు ఓపికతో ఎదురుచూసి, చివరకు విడుదల పొందారని చెప్పింది.

"విడిపించినాక యాడికి పొయ్యినారమ్మా?" అని అడిగాను.

"ఎవురికీ పనికిరాని నేల ఎతుక్కోని పొయ్యినారు మార్తమ్మా. ముందు గుడి కట్టుకున్న్యారు, తర్వాత బడి. ముసిలోళ్ళు గూడా మనమళ్ళ పక్కన కూచోని అక్షరాలు దిద్దినారంట."

ఆ మాట నన్ను వదల్లేదు. చేటలో ఇసుక పోసుకుని ఆమె దగ్గరే అక్షరాలు నేర్చాను, బడి గడప తొక్కని నేను ఈనాడు ఇది నా చేత్తో రాస్తున్నాను, ఆయనకే స్తోత్రం.

మరుసటి ఏడు ఆసామి మనవరాలికి పెళ్ళి కుదిరింది. మా వైపు కొన్ని పెద్దిళ్ళలో పెళ్ళికూతురు అత్తారింటికి పోయేటప్పుడు అరణంగా ఇత్తడి సామాను, పాడి ఆవు, వాటితో పాటు చాకిరీకి ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్ల ఇక తిరిగి రాదు. నా చిన్నతనంలో మా అక్క కోటమ్మ అలాగే పోయింది. ఈసారి ఆ ఇంటి అమ్మగారు నా రూతును అడిగింది. అడిగింది అనడం తప్పు, చెప్పింది.

నేను గొడ్లచావిట్లో పేడ తట్ట పక్కనే మోకరించాను. "తండ్రీ, ఆ నల్లవారి మొర విన్నావు గదా, నాకూ నీ చెవి అంత దగ్గరే గదా. నా బిడ్డను ఆవు పక్కన నిలబెట్టనీయకు. నాకు ధైర్యం లేదు, నీదే కొంచెం ఇయ్యి" అని ఏడ్చాను. దేవుడు ఆ ధైర్యాన్ని నాకు కాదు, ఆ వాకిట్లో ఏనాడూ తల ఎత్తని నా భర్తకు ఇచ్చాడు.

"బిడ్డను పంపమమ్మా. మేమూ ఈడ్నించి పోతావుండాం" అని అమ్మగారితో అన్నాడు.

"యాడికిరా?"

"సముద్రం పక్కన ఇసక దిబ్బల మీదికి."

అమ్మగారు నవ్వింది. "ఇసకలో ఏం మొలస్తాదిరా, నీ మీసాలా? పీతల మాదిరి బొరియల్లో పడుకుంటారా?"

"పీతకైనా సొంత బొరియ ఉండాది గదమ్మా" అన్నాడు ఆయన.

సాయంత్రానికి మా గుడిసె పీకించారు. నడిచి నడిచి దిబ్బల మీదికి చేరాము, కానీ తాగే నీరు లేదు, రూతు నాలుక ఎండిపోతోంది, పొలాల్లో బ్రతికినవాళ్ళం కాబట్టి సముద్రం పక్కన ఉప్పు తప్ప ఏముంటుందని నేను కూర్చుని ఏడ్చాను. అటుగా చేపల గంప మోసుకుపోతున్న ఒక బెస్త అక్క ఆగి, "ఏందిమే ఏడస్తావుండావు? కాళ్ళ కిందే నీళ్ళు పెట్టుకోని" అని గంప దించి, చేతులతోనే ఇసుక తోడి చెలమ తీసింది. తియ్యటి నీళ్ళు! బండను చీల్చి నీళ్ళిచ్చిన దేవుడు మాకు ఇసుకను చీల్చి ఇచ్చాడు.

మమ్మల్ని చూసి ఇంకొన్ని పాలేరు కుటుంబాలు పెద్దిళ్ళ వాకిళ్ళు వదిలి వచ్చాయి. ఆ చెలమల నీళ్ళు కుండలతో మోసి సరుగుడు మొక్కలు బ్రతికించాము. ఇండ్లకంటే ముందు తాటాకు గుడి వేసుకున్నాము. మా పల్లెకు మేమే విడుదలపాలెం అని పేరు పెట్టుకున్నాము. ఈ రోజు మా తోపులో గాలి హోరు వింటే ఏ దొరవాకిట్లోనూ అంత గొప్ప సంగీతం లేదనిపిస్తుంది. రూతు ఇక్కడి బిడ్డలకు చదువు చెబుతుంది. దాని పెళ్ళికి నేనూ అరణం ఇచ్చాను, ఒక పెయ్యదూడను. దాని వెంట మనిషిని పంపలేదు.

ప్రియులారా, మీరు ఏ వాకిట్లో తల వంచుకుని ఉన్నా, ఆయనను నమ్మి ఒక్క అడుగు బయట పెట్టండి. నీళ్ళు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు.

ఎస్తేరమ్మ గారు మొన్న ఇంకొక సంగతి చెప్పింది. విడుదలైన ఆ నల్లవారు, అమ్ముడుపోయిన తమ తల్లుల పేర్లు, తోబుట్టువుల పేర్లు సంఘ పత్రికలకు రాసి పంపేవారట, పాదిరులు వాటిని గుళ్ళలో చదివి వినిపించేవారట. అందుకే నేనూ మన సంఘ పత్రికకు ఇది రాస్తున్నాను. మా అక్క కోటమ్మ అరణపు బండి వెనుక నడిచి తడ ఊరు దాటి అరవ దేశం వైపు పోయింది. ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. బ్రతికి ఉంటే తల నెరిసి ఉంటుంది. దయచేసి మీ ప్రార్థనల్లో ఆమెను పేరు పెట్టి తలచుకోండి. ఎక్కడైనా కనబడితే, చెల్లెలికి సొంత ఇల్లు ఉందని, తలుపు తీసే ఉంటుందని చెప్పండి.