తాళం వేసిన దుంగల ఇల్లు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. హాస్టల్లో అందరూ భయపడి వదిలేసిన గదిని అడిగి మరీ తీసుకున్నదాన్ని. ఇది దయ్యం కథ అని కూడా నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అప్పుడు అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉండేవాళ్లం. జీపీఎస్ పెట్టెను కారు అద్దానికి అతికించుకుని తిరిగే రోజులు. ఒక డిసెంబర్ శనివారం మూడు గంటలు డ్రైవ్ చేసి, రెండొందల ఏళ్ల కిందట వలస వచ్చినవాళ్లు అడవి కొట్టి కట్టుకున్న ఊరు చూడటానికి వెళ్లాం. పది పన్నెండు దుంగల ఇళ్లు, ఒక కమ్మరి కొలిమి, వెనక వాగు. అన్నిటినీ అలాగే కాపాడుతున్నారు.

మా అమ్మాయి శ్రావ్యకు ఐదేళ్లు. ఇంట్లో నేర్పిన అలవాటు కొద్దీ ఏ గడప కనిపించినా బూట్లు విప్పేస్తుంది. అక్కడా ప్రతి ఇంటి ముందూ విప్పింది. లేసులు కట్టలేక నాకు విసుగొచ్చింది.

మూడున్నరకు మంచు మొదలైంది. మా ఆయన కెమెరా సర్దుకునేలోపు పిల్ల మాయమైంది.

అరగంట వెతికాం. చివరి ఇంటి ముందు బూట్లు కనిపించాయి, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. తలుపుకు మాత్రం బయట తాళంకప్ప. బాదినా లోపల ఎవరూ పలకలేదు. రిపేరు కోసం వారం నుంచి మూసే ఉంచామన్నాడు తాళాలు చూసే పెద్దాయన. పిల్ల వాగు వైపు వెళ్లి ఉంటుందని అందరూ అటు పరుగెత్తారు, మా ఆయనతో సహా.

నేను కదల్లేదు. శ్రావ్య బూట్లు విప్పిందంటే లోపలికి వెళ్లడానికే. ఆ ముక్క పెద్దాయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. గడపకు అడ్డంగా కూర్చుని, తలుపు తీస్తే గానీ లేవనన్నాను. గొణుక్కుంటూ తాళం తీశాడు.

పొయ్యి ముందు శ్రావ్య హాయిగా నిద్రపోతోంది. ఎత్తుకుని నేను అరిచిన అరుపు వాగు దాకా వినబడిందట. అంత గెలుపు నా జీవితంలో మళ్లీ చూడలేదు.

పిల్ల పాదాలు వెచ్చగా ఉన్నాయి. పొయ్యిలో చిటికెడు బూడిద కూడా లేదు. ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు.

"ఆంటీ డోర్ ఓపెన్ చేసింది మమ్మీ. కోల్డ్ ఉంది కదా, కమ్ ఇన్ అంది."

ఆ రోజు డ్యూటీలో ఆడవాళ్లెవరూ లేరని పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు.

నా కూతురిని లోపలికి పిలవడానికి ఆ తలుపు ఎవరు తీశారో ఇప్పటికీ నాకు తెలియదు. బయటికి తేవడానికి తీయించింది మాత్రం నేనే.