నా దస్తూరిలోనే నోటీసు

మా ఊళ్లో జిరాక్స్ అంగడి లేదు. ఏ కాగితానికి కాపీ కావాలన్నా షేర్ ఆటో ఎక్కి కళ్యాణదుర్గం పోవాలి. ఆ శుక్రవారం నేను పోయింది కూడా ఆ పని మీదే. సంచిలో ఒకే ఒక్క కాగితం ఉంది. ఆదివారం పొద్దున మా పడమటి వీధి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వాటర్ ట్యాంకు దగ్గరికి రావాలని అందులో రాశాను. కాపీలు తీయించి ఇంటింటికీ అంటించాలని నా ఉద్దేశం.

నీళ్ల కోసమే ఇదంతా. మాది మబ్బుల ముఖం చూసి బతికే నేల. బోరు ఎంత లోతుకు దించినా దుమ్మే పైకొస్తుంది. అలాంటి చోట ఇంటి ముందుకు కొళాయి రావడమంటే ఏమిటో మాకు తెలుసు. రోజు మార్చి రోజు వచ్చే నీళ్లు ఉన్నట్టుండి వారానికోసారి అయ్యాయి. ఎందుకని ఆరా తీస్తే, ఊరి కాంట్రాక్టరు కొత్తగా కట్టించిన కల్యాణమండపానికి మా లైన్లోంచే పైపు కలిపారని తేలింది. పెళ్లి ఉన్నా లేకున్నా అక్కడి సంపు నిండాకే మా వీధి వాల్వు తిరిగేది. వాటర్‌మ్యాన్‌ని అడిగితే, "నన్నడిగితే ఏమొస్తాదమ్మా, పోయి పెద్దాయన్ని అడుగుకోండి" అన్నాడు. పెద్దాయన్ని అడగడానికి మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. మా వీధిలో సగం మందికి పని ఇచ్చేది ఆయనే. నా భర్త వేరుశనగ మూటలు కాటా వేసే చెనక్కాయల మిల్లు కూడా ఆయన అల్లుడిది.

నేను ఇంట్లో చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఇంటర్‌తోనే చదువు ఆగిపోయినా ఊళ్లో అందరికీ టీచరమ్మనే. ఈ నీళ్ల సంగతి మొదట ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కాసేపటికే దాన్ని తీసేశారు. దాంతోపాటు నన్ను కూడా తీసేశారు. నోటి మాటగా చెబుదామంటే, మాట వీధి మలుపు తిరిగేసరికి వేరే మాట అవుతుంది. అందుకని కాగితం మీద పెట్టాలనుకున్నాను.

బస్టాండు దగ్గర అంగడివాడు కాగితం అందుకుని చదివాడు. కల్యాణమండపం పైపు మాట దగ్గరికి రాగానే ముఖం మారిపోయింది.

"మిషన్ చెడిపోయింది అక్కా."

అతని వెనకే మిషన్ బరబరమంటూ ఎవరివో ఆధార్ కార్డులు కక్కుతోంది.

"మరి అదేందప్పా?"

"అది వేరే అక్కా. నీ కాగితం నాతో కాదు. ఆ కాంట్రాక్టరు మనుషులు ఈడా తిరుగుతాంటారు, నేను ఈడ అంగడి పెట్టుకోని బతకాల."

ఇంకో అంగడికి పోయాను. అక్కడివాడు చదవను కూడా లేదు. కాగితం చూడకుండానే లేదన్నాడంటే మొదటివాడు ఫోన్ చేసి ఉండాలి. ఆటోలో ఊరు చేరేసరికి ఆ వార్త నాకంటే ముందే ఇంటికి చేరింది.

నా భర్త గడపలో నిలబడి ఉన్నాడు. "యాడికి పోయింటివి?"

"తెలిసే అడుగుతాండావు కదా."

"ఊరంతా ఊరికే ఉంటే నీకెందుకు మే ఇది? మిల్లులో అందరూ నన్నే చూస్తాండారు."

"ఊరంతా ఊరికే ఉండాదనే నాకు కావాల్సొచ్చింది" అన్నాను. ఆయన పిరికివాడు కాడు, నెలజీతం మీద బతికేవాడు. ఆ తేడా నాకు తెలుసు. అయినా నా కోపం తగ్గలేదు.

మరునాడు పక్కింటి అక్క వచ్చింది. ఆమె నాకంటే పెద్దది. వాళ్ల ఇంటి మగవాళ్లు ఒకప్పుడు పత్తి ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఇప్పుడు ఆమె జాకెట్లు కుడుతుంది. జరిగిందంతా విని, "మీ ఇంట్లో ఒక మిషన్ ఉండాది కదా మే, చీర కప్పి పెట్టినావే" అంది.

ఉంది. కరోనాకు బళ్లు మూతపడిన రోజుల్లో పిల్లలకు లెక్కల కాగితాలు ఇవ్వడానికని ఒక కంప్యూటరూ ప్రింటరూ కొన్నాం. ఒక వానకు పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయింది. కంప్యూటర్ పోయాక ప్రింటర్ దేనికని పాత చీర కప్పి, మూలన బియ్యం డ్రమ్ము మీద పెట్టాను. తర్వాత పిల్లలకు పాఠాల వీడియోలు చూపించడానికి ఒక ట్యాబ్ కొన్నాను గానీ, దానికీ ప్రింటర్‌కీ పొత్తు కుదురుతుందని నాకు తెలియదు. బాగుచేసేవాణ్ని ఒకసారి అడిగితే, "కంప్యూటర్ లేకుంటే అది ఉత్త డబ్బా అక్కా" అని తేల్చేశాడు. నేనూ నమ్మాను.

"డబ్బానో కాదో చూద్దాం" అని అక్కతో కలిసి దాన్ని కిందికి దించాను. చీర తీస్తే దుమ్ము లేచింది. మధ్యాహ్నం కరెంటు ఉంది, నా భర్త మిల్లులో ఉన్నాడు, పిల్లలు సాయంత్రం దాకా రారు. స్విచ్ వేస్తే లోపల ఏదో గురక పెట్టినట్టు చప్పుడైంది. బతికే ఉంది.

ప్రింటర్ వైరు ట్యాబ్‌కు పెట్టబోయాను. దాని మూతి వేరు, దీని రంధ్రం వేరు. సరే, వైరు లేకుండా కలపాలి. ట్యాబ్‌లో ప్రింట్ అని నొక్కితే చుట్టూ వెతికి వెతికి 'ప్రింటర్లు ఏవీ లేవు' అంది. జానెడు దూరంలో దీపాలు వెలిగించుకుని కూర్చున్నదాన్ని పట్టుకుని లేదంటుంది! ఆ ముందురోజు అంగడివాడు గుర్తొచ్చి నాకు పౌరుషం పెరిగింది.

ఎలా కలపాలో చూపించే వీడియో అక్క ఫోన్లో దొరికింది. అంతా హిందీ. నాకు సగం అర్థం కాదు. హిందీ తెలిసిన అక్క ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని నాకు ఒక్కొక్కటే చెప్పింది.

"ముందర ఆ వైఫై బొత్తాం ఒత్తి పట్టుకోవాలంట. నీలం లైటు మిణకరించేదాకా వదలొద్దంటాండాడు."

ఒత్తాను. నా వేలు నొప్పి పుట్టింది గానీ లైటు కదల్లేదు.

"వదలొద్దు మే! ఇంగా రొంతసేపు."

మిణకరించింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ట్యాబ్‌లో వైఫై తెరిస్తే, వీధిలో వాళ్ల ఫోన్ల పేర్ల మధ్య కొత్తగా ఒక పేరు కనిపించింది. అది ప్రింటర్‌దేనని, ఇంటికి నెట్ లేకపోయినా అదే తన వైఫై తాను పుట్టించుకుంటుందని అక్క విని చెప్పింది. పాస్‌వర్డ్ ప్రింటర్ అడుగున ఒక చీటీ మీద ఉంటుందట. అక్క ప్రింటర్‌ను ఒక పక్కకు ఎత్తిపట్టుకుంటే, నేను నేల మీద పడుకుని కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కో అక్షరం చదివి ట్యాబ్‌లో కొట్టాను. కలిసింది. కలిసిన కాసేపటికే విడిపోయింది. మళ్లీ కలిపాను, మళ్లీ విడిపోయింది. ప్రతిసారీ ట్యాబ్ మీద ఏదో ప్రశ్న వచ్చేది. భయపడి నేను 'వద్దు' అని నొక్కేస్తున్నాను. నాలుగో సారికి కాబోలు నిదానంగా చదివాను. ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఇందులోనే ఉంటారా అని అడుగుతోంది.

"ఉంటానప్పా, ఈడనే ఉంటా!" అని గట్టిగా అంటూ 'అవును' నొక్కాను. అక్క పడీపడీ నవ్వింది.

ఈసారి విడిపోలేదు. నోటీసును ట్యాబ్‌లో టైపు చేసి ప్రింట్ నొక్కాను. కాగితం లోపలికి పోయింది, ఆగింది, మళ్లీ కదిలి బయటికి వచ్చింది. ఆత్రంగా లాగి చూస్తే దాని నిండా డబ్బాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు, వరుసగా ఖాళీ డబ్బాలే. తిప్పి తిప్పి కొట్టినా అవే. మా ప్రింటర్‌కు మా భాష రాదు.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది. తెల్లకాగితం మీద నోటీసు మళ్లీ నా చేత్తోనే పెద్దగా రాసి, ట్యాబ్‌తో ఫోటో తీసి, ఆ ఫోటోను ప్రింట్ చేస్తే? బొమ్మకు భాషతో పనిలేదు కదా.

ఆ మాట అక్కతో చెప్పగానే ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎవురు రాసినారో అందరికీ తెలిసిపోతాదే. నీ రాత ఎరగనోళ్లు ఈ ఊర్లో ఎవురుండారు?"

నిజమే. మొదటి కాగితం రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఊళ్లో ప్రతి పిల్లవాడి పలక మీదా, కాపీ పుస్తకం మొదటి వరుసలోనూ ఉండేది నా దస్తూరే. టైపు అక్షరాలైతే, అంగడివాళ్లు ఏం చెప్పుకున్నా, నాది కాదని తప్పించుకోవచ్చు. చేతిరాత అంటే తలుపు తలుపు మీదా నా ముఖం అంటించినట్టే.

అప్పుడే నా భర్త అన్నానికి వచ్చాడు. నేల మీద ప్రింటర్, చుట్టూ డబ్బాల కాగితాలు, మధ్యలో మేమిద్దరం. ఒక కాగితం తీసి చూశాడు.

"ఇదేనా నీ నోటీసు?"

"ఇది కాదు. ఇప్పుడు చేత్తో రాస్తాండా."

ఆయనకు వెంటనే అర్థమైంది. కాళ్లు కడుక్కుని వచ్చి, నేను వడ్డించిన రాగిసంకటి తిన్నాడు. ఆయన తినేంతసేపూ నేను పక్కనే కూర్చుని రాశాను. పిల్లలకు రాసిచ్చేటప్పటి కంటే గుండ్రంగా, పెద్దగా రాశాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

లేచి పోతూ గడప దగ్గర ఆగి, "పేరు మాత్రం పెట్టొద్దు" అన్నాడు.

"ఈ రాత పెట్టినాక ఇంగ పేరెందుకప్పా?"

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. వద్దని మాత్రం అనలేదు.

ఇంకు ఎండిపోయి ఉందేమో, మొదటి కాగితాలు గీతలు గీతలుగా వచ్చాయి. పోనుపోనూ అక్షరాలు నల్లబడ్డాయి. నా రాత ఆ మిషన్లోంచి ఒకదాని వెనక ఒకటిగా బయటికి రావడం చూస్తుంటే నాకు చెప్పలేనంత ధైర్యం వచ్చింది. మైదాపిండి ఉడకబెట్టి, పొద్దు వాలుతుండగా అక్క ఒక వరస, నేను ఒక వరస అంటించుకుంటూ పోయాం.

దీపాలు పెట్టే వేళకు కాంట్రాక్టరు మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. చేతిలో గోడ మీద నుంచి పీకిన కాగితం ఉంది.

"ఏం టీచరమ్మా, ఇది నీ రాతేనా?"

"నాదే. తప్పులేమన్నా ఉంటే చెప్పప్పా, దిద్దుతా."

అతను ఆ కాగితాన్ని నా ముందే చింపి పడేశాడు.

"చింపుకో. మిషన్ ఇంట్లోనే ఉండాది, ఇంకోటి తీస్తా" అన్నాను. గొంతు పెంచలేదు. ట్యూషన్ పిల్లలు పలకలు పట్టుకుని లోపల నుంచి చూస్తున్నారు. వాళ్ల ముందు ఓడిపోయే ఉద్దేశం నాకు లేదు.

ఆదివారం పొద్దున మొదట నేనూ అక్కా మాత్రమే ట్యాంకు దగ్గర నిలబడ్డాం. ఇంకెవరూ రారేమో అనుకున్నాను. తర్వాత ఒక ముసలవ్వ వచ్చింది, ఆమె వెనక కోడలు. చూస్తుండగానే వీధి మొత్తం బిందెలతో వచ్చింది. మేము అడగని తూర్పు వీధివాళ్లు కూడా వచ్చారు. వాళ్లకూ నీళ్లు తగ్గాయట. వాటర్‌మ్యాన్ తాళం లేదన్నాడు. తాళం వచ్చేదాకా కూర్చుంటామని వాల్వు గుంట చుట్టూ కూర్చున్నాం. ఎండెక్కింది. చివరకు కాంట్రాక్టరే కారులో వచ్చాడు.

"మీ ఇంటికి నీళ్లు రాకుంటే నాతో చెప్పొచ్చు కదమ్మా. ఇంత రచ్చ ఎందుకు?" అని నన్ను చూసి అడిగాడు.

"నా ఒక్క ఇంటికి అడగడానికి రాలేదన్నా. మండపం పైపు మా లైన్లోంచి తీసేయాల. తీసేదాకా ఈడనే ఉంటాం."

ఆయన అందరినీ ఒకసారి కలియజూశాడు. ఎవరూ తల దించలేదు. ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి తాళం వచ్చింది, వాల్వు తిరిగింది, నీళ్లు చూశాక ఆ పూటకు లేచాం. మండపం పైపును మాత్రం అంత తొందరగా తీయలేదు. ఇంకో రెండుసార్లు నోటీసు వేశాక గానీ అది పోలేదు.

ఊరికే ఏదీ దక్కలేదు. మిల్లులో నా భర్తను కాటా దగ్గర నుంచి మూటలు మోసే చోటికి మార్చారు. కొన్నాళ్లు ఓర్చుకుని ఆయనే మానేసి, కళ్యాణదుర్గంలో ఇంకో మిల్లులో చేరాడు. రోజూ బస్సులో పోయి వస్తాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కొందరు పిల్లల్ని ట్యూషన్ మాన్పించారు. వారిలో ఒకామె ఎండాకాలం సెలవులయ్యాక పాపను తీసుకుని మళ్లీ వచ్చింది.

"అప్పుడు భయపడినాం టీచరమ్మా, ఏమనుకోవద్దు" అంది.

"అనుకోను. కానీ నేను మారేదాన్ని కాదు. అది తెలిసే పంపు."

ఆమె పాపను లోపలికి తోసి వెళ్లిపోయింది.

మొన్న ఎండాకాలం మా వాల్వు మళ్లీ బిగించారు. ఈసారి నోటీసు రాసే పని లేకుండానే అక్క వీధిలో నిలబడి ఒక్క కేక వేసింది. మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేని కాళ్లు మాడిపోతున్నా అందరం పోయి కూర్చున్నాం. నీళ్లు వదిలిన తర్వాతే లేచాం.